రెండు తెల్ల సీసాలతో ఆదిలాబాద్‌కు

ఉదయం ఐదున్నరకు కరీంనగర్ బస్టాండులో ఆదిలాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్టే. వెళ్ళేవాళ్ళు ఎడమవైపు కూర్చోండి, పొద్దుటి ఎండ తగలదు. మా అన్న కూతురు కరుణకు మధ్యాహ్నం రెండింటికి అక్కడి కాలేజీలో లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ప్రయోగం చేసి చూపిస్తూ పాఠం చెప్పాలి. నేను తోడు. బస్సు కదలగానే దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

మెట్‌పల్లిలో ఎక్కిన పెద్దావిడ మరమగ్గాల మీద పనిచేస్తుందట. నేను సర్దిన సంచిలోంచి తెల్ల పొడి సీసా కనిపిస్తుంటే వంగి చూసింది.

"గదేంది బిడ్డా, సున్నమా?"

"టైటానియం ఆక్సైడ్ అవ్వా," అంది కరుణ. "గోడల రంగుల్ల కలుపుతరు. రెండు సీసాలల్ల అదే ఉంది గని, లోపల అణువుల అమరిక వేరు. ఎండ తగిలితే ఎలక్ట్రాన్ లేస్తది. ఒకదాంట్ల జల్ది వెనక్కి పడ్తది. ఇంకోదాంట్ల జరసేపు తిరుగుతది. గీ రెండోది సిరా నీళ్ళల్ల వేసి ఎండల పెడ్తే రంగు పోతది."

"నూలు ఒక్కటే, నేత వేరంటవ్. పల్చగ నేస్తే గాలి జొరవడ్తది. గిది నేర్వనీకి గిన్నేండ్లు సదివినవా?"

ఇద్దరూ నవ్వారు. నేను సంచిని ఒళ్ళోకి లాక్కున్నాను.

బడికి పోని నాకు మా అవ్వ ఇంట్లోనే అక్షరాలు నేర్పింది. ప్రయాణానికి ముందు సగం సగం ఉన్న డబ్బాలు ఒక్కదాంట్లో పోసుకోవాలని కూడా ఆమే నేర్పింది. నిన్న సాయంత్రం సర్దుతూ రెండు సీసాల మీదా ఒకటే పేరు చదివాను. ఒక మూత మీద ఎర్ర గోళ్ళరంగు చుక్క, ఇంకోదాని మీద నీలి చుక్క. పట్టించుకోలేదు. ఒకదాంట్లోది రెండోదాంట్లో పోసి, బాగా ఊపి, ఖాళీ సీసా కడిగి ఆరబెట్టాను.

తొమ్మిదీ ముప్పావుకు నిర్మల్‌లో టీ కోసం బస్సు ఆగింది. అక్కడ చెప్పాను.

"రెండూ ఒక్కటే అనుకున్న బిడ్డా. కలిపేసిన."

కరుణ సీసాను వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసింది.

"మళ్ళ ఏరరాదా?"

"ఇప్పుడు రాదు అత్తా."

ఆమె టీ మీద మీగడ కట్టింది.

పదకొండూ ముప్పావుకు ఆదిలాబాద్‌లో దిగాం. బస్టాండు వెనక మెస్సులో జొన్నరొట్టె మెత్తగా ఉంటుంది. కరుణ ఒక్క ముక్క తుంచి వదిలేసింది.

రెండింటికి నేను వరండాలో, ఆ గది కిటికీ పక్కన కూర్చున్నాను. కరుణ రెండు అమరికలూ బోర్డు మీద గీసి చక్కగా చెప్పింది.

"రెండు శాంపిళ్ళు చూపిస్తానన్నారు కదా?" అని పెద్దసారు అడిగారు.

"కలిసిపోయినయ్ సార్. నేనే చూసుకోవాల్సుండె."

"ఉద్యోగానికి వచ్చేటప్పుడు ఇంత నిర్లక్ష్యమా?"

గడప రెండడుగుల దూరం. నేను లేవలేదు. కొంగు నిండుగా కప్పుకుని కూర్చున్నాను. నాలుగింటికి ఉద్యోగానికి ఇంకో అమ్మాయి పేరు చదివారు.

నాలుగున్నర బస్సులో సీట్లు దొరికాయి. కరుణ చపాతీల డబ్బా తెరిచింది. మా ఇంట్లో ఏది తిన్నా ముందు కృతజ్ఞత చెప్పేది నేనే.

"ప్రార్థన చెయ్యి అత్తా."

చేతులు జోడించి, మళ్ళీ విడదీశాను.

"నోరు వస్తలేదు. కలిపినందుకు కాదు బిడ్డా. గా సారు నిన్ను అంటుంటే లోపలికి రాలే."

"తెలుసు. కిటికీలకెల్లి నీ కొంగు కనవడ్డది."

అని, చపాతీ సగం చేసి నా చేతిలో పెట్టింది.

దారి బాగుంది, బస్సు టైముకు నడిచింది, పక్కన మనసున్న పిల్ల కూర్చుంది. స్తోత్రం చెప్పాల్సినవి ఇన్ని ఉన్నా, నిర్మల్ దాటేదాకా క్షమించమన్న ఒక్క మాటే వచ్చింది. చపాతీ చేతిలోనే ఉండిపోయింది.