చామంతులకు ముప్ఫై ఎనిమిది బకెట్లు

నీళ్ళు పోయక మొక్కల్ని చంపినవాళ్ళు ఊరికి వందమంది ఉంటారు. నీళ్ళు పోసి పోసి, అందుకు పంతొమ్మిదిమందిని రంగంలోకి దించి, ఫొటోలు తీయించి, శభాష్ అని మెచ్చుకుని మరీ చంపిన మనిషి మాత్రం ఖరగ్‌పూర్ మొత్తానికి నేనొక్కదాన్నే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వండి, ఫరవాలేదు. నవ్వాక ఒక్క నిమిషం నాతోపాటు నొచ్చుకోండి, అంతే చాలు.

అప్పటికి నాకు ముప్ఫై ఆరేళ్ళు. రైల్వే ఆఫీసులో నా పని డ్యూటీ చార్టులు వేయడం. ఎవరు ఏ షిఫ్టుకు రావాలి, ఎవరికి ఎప్పుడు రెస్టు, ఎవరి బదులు ఎవరు ఎక్కాలి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే గొడవ. మా తాత శ్రీకాకుళం నుంచి వర్క్‌షాపు పనికి వచ్చాడు. ఆనాటినుంచి మా ఇంట్లో వేళకు అన్నం ఉడక్కపోయినా ఊరుకుంటారుగాని, వేళకు డ్యూటీకి పోకపోతే ఊరుకోరు.

షుగరు గుమ్మం దాకా వచ్చి నిలబడిందని డాక్టరు భయపెట్టడంతో పరుగు మొదలుపెట్టాను. నన్ను చూసి మా ట్రాఫిక్ కాలనీవాళ్ళూ, పక్క పేటలవాళ్ళూ ఒక్కొక్కరే చేరారు. మొత్తం పంతొమ్మిదిమంది అయ్యాం. బృందానికి ఫాస్ట్ ప్యాసింజర్ అని పేరు, కెప్టెన్ని నేను. పేరులో ఫాస్ట్ ఉన్నా అన్ని స్టేషన్లలోనూ ఆగే బండి అది. టీ కొట్టు కనబడితే అక్కడా ఆగేది. అందరం కలిసి పరుగెత్తేది ఆదివారం ఒక్కరోజే. మిగతా రోజుల్లో ఎవరి డ్యూటీ వాళ్ళది కనక ఎవరి పరుగూ వాళ్ళదే. నేను తెల్లవారకముందే వెళ్ళొచ్చేదాన్ని. ఫిట్టరు అప్పలరాజు నైట్ షిఫ్టు దిగి ఏడింటికి పరుగెత్తేవాడు. రైళ్ళలో టికెట్లు చూసే తపన్ దా, సుభాష్‌పల్లి బెంగాలీ ఆయన, మధ్యాహ్నం మూడింటికి. ఇంకొందరు సాయంత్రం. ఒకరు పరుగెత్తడం ఇంకొకరు చూసేవారు కాదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, కొంప ముంచింది ఇదే.

మా క్వార్టర్ల రెండు వరసల మధ్య, ఒకప్పుడు పార్కుగా ఉండి పాడుబడ్డ జాగా ఒకటి ఉండేది. దాన్ని తోటగా నిలబెట్టిన మనిషి ఎస్తేరమ్మగారు. రైల్వే ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. నాకు చుట్టం కాదుగాని పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆవిడ తోటలో వంగ, బెండ, గోంగూర కాలనీలో ఎవరైనా కోసుకోవచ్చు. ఒక వార వేసిన చామంతుల్ని మాత్రం ఎవరూ ముట్టకూడదు. ఒక ఆదివారం పరుగయ్యాక టీ గ్లాసు పట్టుకుని నేను ప్రకటించాను, ఇకనుంచి ఈ తోట పని మన బృందం చేస్తుందని. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు వినబడితే నాకు ఒళ్ళు తెలియదు. చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బే అది.

సెప్టెంబరు చివర్లో పెద్దమ్మకు కంట్లో శుక్లం తీశారు. నెలరోజులు వంగకూడదు, దుమ్ములోకి వెళ్ళకూడదు అన్నారట. నన్ను పిలిచి చామంతులు అప్పగించింది. నవంబరు రెండున సమాధుల పండగ. క్రైస్తవులు తమవాళ్ళ సమాధులకు సున్నం వేసి, పువ్వులు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే రోజు. పెద్దమ్మ భర్త గాబ్రియేలుగారు రైలు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి పోయారు. పదకొండేళ్ళుగా ఆ రోజున ఆయనకు తన చేత్తో పెంచిన చామంతులు తీసుకెళ్తోంది ఆవిడ. వాళ్ళకు పిల్లలు లేరు. ఆయన మీద అంత ప్రేమా అని అడిగాను.

"పేమా, పాడా? బతికున్నన్నాల్లూ నాకొక్క పువ్వు తేనేదు ఆ మనిసి. అడిగితే మరిసిపోనానే అనీవోడు. అందుకే ప్రతీ యేడూ పట్టికెల్లి ముందెట్టి, సూడండి, తేవడమంటే ఇలగ తేవాల అని సెప్పొస్తాను. ఒక్క యేడు ఉత్త సేతుల్తో ఎల్లినానంటే ఆయన గెలిసినట్టే పాపా."

నవ్వుతూనే అంది. నల్లద్దాల వెనక కళ్ళెలా ఉన్నాయో నాకు కనబడలేదు. మట్టి ముట్టుకుని చూసి, ఆరితేనే నీళ్ళు పోయమంది. నాకు తెలీదా పెద్దమ్మా అన్నాను. అక్షరాలా ఏమీ తెలీదు.

రైల్వేలో ఇంతమందికి చార్టు వేసేదాన్ని, తోటకూ ఒకటి వేసి ఉంటే ఈ కథే లేదు. అప్పలరాజు అడిగాడు కూడా, ఏ రోజు ఎవులు పొయ్యాలో ఒక సీటీ రాసిచ్చేయండి మేడమ్ అని. నేను ఊరుకుంటానా, ఉపన్యాసం అందుకున్నాను. సేవకు చార్టు ఏమిటి, ఇక్కడ కూడా డ్యూటీయేనా, మనసుతో చేయాలి అన్నాను. ఆదివారం తప్ప రోజూ ప్రతివాళ్ళూ తమ పరుగులో తోట దాటేటప్పుడు కుళాయి నుంచి రెండేసి బకెట్లు మోసుకొచ్చి చామంతులకు పోయాలి. మొక్కలకు నీళ్ళు, మన భుజాలకు కసరత్తు. పోశాక గ్రూపులో ఫొటో పెట్టాలి.

పెట్టారు. అబ్బ, ఎంత బుద్ధిగా పెట్టారో. బకెట్టుతో అప్పలరాజు, బకెట్టుతో తపన్ దా, రెండు చేతుల్లో చెరొక బకెట్టు పట్టుకుని పళ్ళు బిగించిన నేను. ప్రతి ఫొటోలోనూ మనిషి మొహం ఉంది, బకెట్టు ఉంది, మట్టి మాత్రం లేదు. ఎవరి ఫొటో వాళ్ళు పెట్టడమేగాని పక్కవాళ్ళది చూసే తీరిక ఎవరికీ లేదు. తడిగా ఉన్న మట్టిని చూసి ఒక్కొక్కరూ రాత్రి వాన పడింది కాబోలు అనుకున్నారట. అయినా కెప్టెన్ ఆర్డరు కదా అని తమ రెండు బకెట్లూ తాము పోశారట. రైల్వేవాళ్ళను నమ్ముకుంటే అదే చిక్కు, ఆర్డరు తప్పరు. పంతొమ్మిదిని రెండుతో గుణిస్తే ఎంతో మూడో తరగతి పిల్లకు తెలుసు. జీతం తీసుకుని లెక్కలు వేసే నాకు తట్టలేదు. ఫొటోలన్నిటికీ బొటనవేలు చూపిస్తూ కూర్చున్నాను.

రెండో వారానికి ఆకులు పసుపెక్కి వాలిపోయాయి. మీరైతే ఏమనుకుంటారు? నేను దాహం అనుకున్నాను. పాపం పసివాళ్ళు, నీళ్ళు చాలడం లేదని గుండె కరిగిపోయి, ఇకనుంచి తలా నాలుగు బకెట్లు అని గ్రూపులో పెట్టాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు కదా, ఆ రోకలి నా చేతిలోనే ఉంది.

తపన్ దా మాత్రం ఫోన్ చేశాడు. వాళ్ళమ్మ ఇంటి మేడ మీద చంద్రమల్లికలు పెంచేదట. బెంగాలీలో చామంతికి అదే పేరు. నీళ్ళు ఎక్కువైనా ఆకులు ఇలాగే పసుపెక్కుతాయని, మట్టి ఇంకా చిత్తడిగా ఉందని హిందీలో నెమ్మదిగా చెప్పాడు. పైన తడి దాదా, లోపలంతా దాహం అన్నాను. ఏదో వేదాంతం చెప్పినట్టు ఉంది నాకు. ఆయన "ఠీక్ హై దీదీ" అన్నాడు. మధ్యాహ్నం నాలుగు బకెట్లూ మోశాడు.

రోజూ సాయంత్రం పెద్దమ్మ ఇంటికి వెళ్ళి, చామంతులు బాగున్నాయని చెప్పి వచ్చేదాన్ని. అబద్ధం చెబుతున్నానని అనుకోలేదు, నిజం. ఇంతమంది ఇంత కష్టపడుతుంటే బాగోక ఏం చేస్తాయి అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అందుకే భయం వేస్తుంది. మాలో ఒక్కరికీ చెడ్డబుద్ధి లేదు, ఒక్కరూ బద్ధకించలేదు. ఎవరి మంచితనం వాళ్ళు పోసి వెళ్ళిపోయాం. ఇంతకుముందు ఎవరైనా పోశారా అని అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

మూడో వారం ఆదివారం పరుగు ముగించి తోట దగ్గరకు వచ్చేసరికి పెద్దమ్మ అక్కడ నిలబడి ఉంది, నల్లద్దాలతో, డాక్టరు మాట కాదని. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు. మా మంది దెబ్బకు మట్టే మజ్జిగైంది. ఆవిడ చెప్పులు అందులో దిగబడి ఉన్నాయి. వంగకూడదు కనక, ఒక మొక్కను పీకి ఇమ్మని నన్ను అడిగింది. రెండు వేళ్ళతో పట్టుకున్నానో లేదో ఊడి చేతిలోకి వచ్చేసింది. వేర్లు నల్లగా కుళ్ళి వాసన కొట్టాయి.

"నీల్లెవులు పోసినారు?" అని అడిగింది.

అప్పలరాజు తను రెండే పోశానన్నాడు, కెప్టెన్ చెప్పాక నాలుగని. ఆ వెనకాయన తానూ అంతే అన్నాడు. ఆ పక్కావిడా అంతే. ఇలా ఒక్కొక్కరే తాము పోసింది ఎంత కొంచెమో చెప్పుకుంటూ పోయారు. చివరికి తపన్ దా వేళ్ళు మడిచి, మొదట రోజుకు ముప్ఫై ఎనిమిది, తర్వాత డెబ్భై ఆరు అని మెల్లగా తేల్చాడు. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందట. ఆ కోతి నయం, పద్దెనిమిదిమందిని వెంటేసుకుని రాలేదు.

పెద్దమ్మ తిడుతుందని చూశాను. తిట్టలేదు. ఎన్ని మొక్కలు పోయాయని అడిగింది. అన్నీ పోయాయి. సరేనని ఇంటికి వెళ్ళిపోయింది. నాలుగు తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్రపోయేదాన్ని.

మర్నాడు వెళ్ళి, గోల్ బజారంతా గాలించి మంచి చామంతులు తెస్తానన్నాను. వద్దంది.

"కొన్న పువ్వులైతే ఆయనా తేగలిగీవోడే గదా. పెంచి పట్టికెల్లడంలోనే ఉంది నా మాట. ఈయేటికి ఆయనే గెలిసినాడులే. నేను ఎల్లను. ఏ మొకం పెట్టుకుని ఎల్తాను?"

పదకొండేళ్ళలో ఆవిడ ఆ రోజు ఇంట్లో కూర్చుండిపోయేది ఇదే మొదటిసారి. అదీ నా వల్ల. బయటికి వచ్చి సైకిలు పట్టుకుని ఏడ్చాను. ఏడుస్తూనే ఆఫీసుకు వెళ్ళి, నాకు వచ్చిన ఒకే ఒక్క పని చేశాను. చార్టు వేశాను.

ఎలాంటి చార్టు అనుకున్నారు, మూడు రంగుల గీతలతో, పై అధికారి చూస్తే ప్రమోషన్ ఇచ్చేలాంటిది. నవంబరు రెండు, ఉదయం ఏడు గంటలు, గాబ్రియేలుగారి సమాధి. గడ్డి పీకడం అయిదుగురు. ఊడ్చడం నలుగురు. పేరు అక్షరాలకు నల్లరంగు దిద్దడం అప్పలరాజు. కొవ్వొత్తులు తపన్ దా. సున్నం పూయడం నేనూ, మిగిలినవాళ్ళూ. కింద ఎర్ర సిరాతో ఒక్క గీత: సున్నంలో నీళ్ళు కలపడం ఎస్తేరమ్మగారు, ఇంకెవరూ ముట్టరాదు.

ఆ కాగితం తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను. అద్దాలు పైకెత్తి, కంటికి దూరంగా పట్టుకుని, ఆఖరు దాకా చదివింది. ఆ గీత దగ్గర మూతి వంకర పోయింది, నవ్వు ఆపుకోవడానికి.

"డ్యూటీ ఏసీసినావన్నమాట."

"ఏసీసినాను పెద్దమ్మా."

"ముప్పైయేల్లు సేసినాను, ఒక్క రోజు లేటెల్లనేదు. ఏడింటికా?"

ఏడుకు పది నిమిషాలు ఉండగానే వచ్చింది. చెట్టు కింద కుర్చీ వేసి కూర్చోబెట్టాం. చెంబుతో కొలిచి కొలిచి ఆవిడ నీళ్ళు పోస్తుంటే మేం సున్నం కలిపాం. పది గంటలకల్లా సమాధి తెల్లగా నిలిచింది. చుట్టూ ఎవరి సమాధి చూసినా బంతులు, చామంతులు, దండలు. గాబ్రియేలుగారి మీద ఒక్క రేకు లేదు. పెద్దమ్మ లేచి ముందుకు వచ్చింది. పరుగు బూట్లతో వరసగా నిలబడ్డ పంతొమ్మిదిమందిమీ తలలు దించుకున్నాం.

"ఏటండీ, ఇన్నారా? ఈయేడు పువ్వుల్నేవు. పువ్వుల్ని సంపేసినోల్లని తెచ్చినాను. పంతొమ్మిది మంది. మీరెప్పుడైనా నాకోసం ఇంతమందిని తెచ్చినారా?"

కాస్త ఆగింది, జవాబుకు టైమిచ్చినట్టు.

"నేదు గదా. అయితే ఈయేడు కూడా నేనే గెలిసినాను."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. శ్మశానంలో అంత గట్టిగా నవ్వకూడదు, నవ్వాం. నేను నవ్వుతూ ఏడుస్తున్నాను, తపన్ దా తెలుగు అర్థంకాక అప్పలరాజు చేత హిందీలో చెప్పించుకుని అందరికన్నా ఆలస్యంగా నవ్వాడు. అప్పుడు పెద్దమ్మ నన్ను దగ్గరకు పిలిచి, ఆయన ముందు ఒట్టు వేయమంది. వేళాకోళానికి కాదు, వేయాల్సిందే అంది.

నేను నిటారుగా నిలబడి, కుడిచెయ్యి సమాధి మీద పెట్టి, కోర్టులో సాక్షి గొంతుతో ప్రమాణం చేశాను. ఫాస్ట్ ప్యాసింజర్ కెప్టెన్ అయిన నేను, ఎస్తేరమ్మ పెద్దమ్మ నోటితో చెప్పనిదే ఇక ఈ జన్మలో నీళ్ళు ముట్టను, చెంబు గాని, బకెట్టు గాని, కుళాయి గాని తాకను, ఇది సత్యం, సత్యం, సత్యం అన్నాను.

చెయ్యి తీశాను. సున్నం ఇంకా ఆరలేదు. కొత్త తెలుపు మధ్యలో అయిదువేళ్ళ అచ్చు పడి ఉంది. దాన్ని చెరపాలంటే మళ్ళీ పూత వేయాలి. పూత వేయాలంటే సున్నం కలపాలి. సున్నం కలపాలంటే నీళ్ళు కావాలి. నేను ఒట్టు వేసి అర నిమిషం కూడా కాలేదు. అందరం పెద్దమ్మ మొహం చూశాం.

"ఉండనీ," అంది ఆవిడ. "ఎవులు సంపినారో ఆయనకీ తెలియాల గదా."

మరుసటి నవంబరు దాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.