మామ్మ వేలు ఆగిన చోట

మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టు కాలనీ పాత ఫోటోలు పోగుచేస్తున్నానని మీకు తెలుసుగా. ఇవాళ పక్కింటి మామ్మ ట్రంకుపెట్టెలోంచి పవర్‌హౌస్ పనివాళ్ల గ్రూప్ ఫోటో బయటికి తీసింది. వాళ్ల పేర్లు తెలిసిన మనిషి ఇప్పుడు ఆవిడొక్కతే. ఒక్కో ముఖం మీదా వేలు పెట్టి గడగడా చెప్పింది, నేను రాసుకున్నాను. చివరి మనిషి దగ్గర వేలు ఆగిపోయింది.

"ఈయనెవరు మామ్మా?"

పలకలేదు. మళ్లీ అడిగినా పలకలేదు. మరుపు మొదలైందేమో, నేనే ఆలస్యంగా వచ్చానేమోనని భయమేసింది.

"మీ తాతే కదమ్మీ! మొగుడి పేరు నోటితో సెప్తారేటి? రేషన్ కార్డు సూసి రాసుకో."

నవ్వొచ్చింది కానీ భయం పోలేదు. ఇంటికొచ్చి మా ఫోటోలు తిరగేశాను. ఒక్కదాని వెనకా పేరు లేదు, అడగడానికి పెద్దవాళ్లూ మిగల్లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇవాళే ఫోటోలూ పెన్నూ పట్టుకుని కూర్చోండి, వేలు ఆగకముందే.