కోసిన కొమ్మ పొడవు

మా కోడలు ముంగిట్లో కత్తెర పట్టుకుందంటే నాకు ఇప్పటికీ భయమే. ఈ ఉదయం ఆ చప్పుడు వినగానే టీ కప్పు పక్కన పెట్టేశాను. మా దీవిలోని ఫీనిక్స్ పట్నంలో మా ఇంటి ముందున్న మందారాలు మోకాలెత్తు దాటవు. వాటికి కత్తెరతో పని లేదు. వాటిని పుట్టించినవాడు లెస్కాలియే ఊళ్లో మా పుట్టింటి పొరుగున ఉండే ఎర్రయ్య తాత.

తాత చెరకు ఎస్టేటు బంగళాలో తోటమాలి. ఇంటి వెనక మాత్రం ఆయనకు సొంత పిచ్చి ఒకటుండేది. ఒక పువ్వు పుప్పొడి మరో పువ్వుకు అద్ది, కత్తిరించకుండానే పొట్టిగా ఉండే మందారాన్ని పుట్టించాలని. ఏళ్ల తరబడి మొలిచినవన్నీ చూరు తాకాయి. చివరికి ఒక్కటి నడుమెత్తులో ఆగింది. ఆయనకు రాత రాదు. కొత్తగా పంతులమ్మనైన నేను ప్రతి ఆదివారం దాని కొలత రాసేదాన్ని. మా దీవికి స్వాతంత్ర్యం వచ్చే రోజున బడి ముందు జెండా చుట్టూ దాని అంట్లే నాటాలని పెద్దలు నిర్ణయించారు. ఊరంతా అప్పుడే దానికి "ఎర్రయ్య మందారం" అని పేరు పెట్టేసింది.

అమ్మోరు పండగనాడు మా అమ్మ ఎర్ర దాసాని, అదే మందారం, తెమ్మంది. తాత ఇంట్లో లేడు. ఆ మొక్కకు ఒక్క కొమ్మే నడుమెత్తు దాటి పైకి లేచి, కొసన పూసింది. అమ్మోరికే కదా అని కొమ్మతో సహా కోసేశాను. ఘటానికి కట్టాక గాని తట్టలేదు, ఇక ఆ మొక్క నిజంగా పొట్టిదో కాదో ఎలా తెలుస్తుందని.

ఆ వారమంతా అదే ఆలోచన. చెబితే ముసలాయన ఆశ కూలుతుంది. చెప్పకపోతే అబద్ధాన్ని జెండా కింద నాటినట్టే. ఆదివారం తాత, చూపు ఆనని కళ్లతో మొక్కను తడిమి, "చూసినావా అమ్మా, నా బిడ్డ పెరగలేదు!" అని మురిసిపోయాడు.

నాకు ఏడుపొచ్చింది. "తాతా, నేనే కోసేసినాను. అమ్మోరికి."

తాత కోసిన చోటును వేళ్లతో వెతికి పట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను.

"ఎంత పొడుగుంది?" అన్నాడు.

"మూరెడు."

"అయో! మరి రాయి పుస్తకంలో."

పాత కొలతకు ఆ మూరెడూ కలిపి రాశాను. తాత బడికి వెళ్లి అంట్లు ఇవ్వనన్నాడు. ఊళ్లో నవ్వారు. జెండా చుట్టూ బంతిపూలు పెట్టారు. మరుసటి ఏడు ఆ మొక్క చూరు దాటింది. "నువ్వు చెప్పకపోతే జెండా కనపడకుండా పోయేది" అని తాత నన్ను ఆటపట్టించాడు గాని, గొంతు బాగా తగ్గిపోయింది. దాని గింజల్లోంచి అసలైన పొట్టిది వచ్చేసరికి ఆయన చూపు పూర్తిగా పోయింది. జానతో కొలిచి చూసుకున్నాడు.

కత్తెర చప్పుడు ఆగింది. కోడలు తల వంచుకుని వచ్చింది.

"అత్తయ్యా, ఎండిందనుకుని ఒక కొమ్మ కోసేశాను."

నోటిదాకా వచ్చిన కోపాన్ని మింగాను.

"ఎంత పొడవు?" అన్నాను.