కత్తి ఉండాల్సిన చోటు

రేపల్లె కాలవ లాకు తలుపుల కింద ఇరుక్కున్న చెత్త తీయడానికి ఈ రోజు కూడా నీళ్లలో దిగాను. వీపున గాలి సిలిండరు, దాని పట్టీలకు నా సామాను. కత్తి మాత్రం రొమ్ము మీద, ఏ చేతికైనా అందేచోట కట్టుకుంటాను. ఆ బురదలో కళ్లు పనిచెయ్యవు, చెయ్యే వెతుక్కోవాలి.

అడుగున తెగిన వల ఒకటి కుడిచేతికి చుట్టుకుంది. ఎడమచేత్తో రొమ్ము తడిమితే కత్తి లేదు. ఒళ్లంతా తడుముకుంటే చివరికి నడుం వెనక దొరికింది. వల కోసుకుని పైకి వచ్చాను.

“నా కత్తి తీశారా మేస్త్రీ గారూ?”

“గట్టు మీద ఉంటే ముంజలు కోసుకుని మళ్లీ పెట్టాగా. ఎక్కడుంటే ఏంట్రా, నీ పట్టీలకే ఉందిగా.”

ఆయన కాళ్లు కడుక్కోవడానికి వెళ్లగానే, కొమ్మకు తగిలించిన చొక్కా జేబులోంచి స్కూటరు తాళాలు తీసి ఆయన క్యారేజీ సంచిలో వేశాను. బయల్దేరేటప్పుడు అరగంట వెతికాడు.

“మీ సంచిలోనే ఉన్నాయండి. ఎక్కడుంటే ఏంటి?” అన్నాను.

రేపు పనిలోకి రావద్దన్నాడు. తెనాలి రైల్లో కూర్చున్నా చెయ్యి ఊరుకోవడం లేదు, మాటిమాటికీ రొమ్ము తడుముకుంటోంది. చూసుకోకుండా దిగడం నా తప్పే. తాళాలు దాచడం కూడా తప్పేనంటారా? ఆయన అరగంట వెతుక్కున్నాడు. అడుగున నాకు అరగంట గాలి లేదు.