పదకొండు సెకన్ల దుర్గవ్వ

మా పెద్దమ్మ దుర్గవ్వ ఏడవడంలో పేరున్న మనిషి. నవ్వకండి. పాల్మాకులలో గానీ, చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో గానీ ఎవరైనా పోతే చాలు, శవానికి స్నానం చేయించేలోపే ఎవరో ఒకరు వచ్చి ఆమె గడప ముందు నిలబడేవారు. ఆమె కొంగు దోపుకుని బయలుదేరేది. దారిలోనే వివరాలన్నీ అడిగేది. పోయినాయనకు ఏ కూరంటే ఇష్టం, ఏ ఎద్దును అమ్మిన రోజు అన్నం ముట్టలేదు, ఏ బిడ్డను చూడకుండా కన్నుమూశాడు. వాకిట్లో అడుగుపెట్టేసరికి అవన్నీ ఆమె నోట్లో వరసకు కూర్చుని ఉండేవి. ఆమె రాగం ఎత్తుకుంటే, అప్పటిదాకా బీడీలు కాలుస్తూ ముచ్చట్లు పెట్టుకున్న మగవాళ్ళు కూడా కండువా మొహానికి అడ్డం పెట్టుకునేవారు. అంతా అయ్యాక జర చాయ్ పొయ్యమని అడిగేది. తాగి, ఎవరినో ఒకరిని నవ్వించి, ఇంటికి వచ్చేసేది.

మా వైపు ఆ ఏడుపుకు ఒక పద్ధతి ఉంది. రాగం తీసి ఏడ్చే మనిషి తనంతట తాను ఆపదు. పక్కనున్న ఆడమనిషి దగ్గరికి జరిగి, మెడ చుట్టూ చెయ్యేసి, "ఊకో అక్కా, ఊకో" అనాలి. ఇక చాలు, ఊరుకో అని. ఒక్కసారికి వినదు. మూడోసారికి గొంతు దిగుతుంది, ముక్కు చీది మనుషుల్లో పడుతుంది. ఊకోపెట్టే మనిషి లేకుండా ఎవరినీ ఏడవనివ్వరు. ఇది నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసి కూడా చేశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

పెద్దమ్మకు ఒక్కతే కూతురు, సంతోషి. పెదనాన్న తొందరగానే పోయాడు. పెద్దమ్మ బెండ, టమాట పండించి కూతురిని ఇంటర్ దాకా చదివించింది. ఎయిర్‌పోర్టు వచ్చాక మా వైపు పొలాలన్నీ ప్లాట్లయ్యాయి, పెద్దమ్మది కూడా అయింది. ఆమె ఎయిర్‌పోర్టు రోడ్డు మధ్యలో పూలమొక్కలకు నీళ్ళు పెట్టే పనికి కుదిరింది. సంతోషి లోపల హౌస్‌కీపింగ్‌లో చేరింది. మెడలో ఫొటో ఉన్న కార్డు వేసుకుని, జడ ముడేసుకుని ఏడు గంటల బస్సు ఎక్కేది. రోడ్డు మధ్య నుంచి పెద్దమ్మ పైపు పట్టుకుని చెయ్యి ఊపేది. బస్సులో అందరి ముందూ పరువు పోతుందని సంతోషి నా దగ్గర మొత్తుకునేది, కానీ కిటికీ పక్క సీటు మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు.

2010 వానాకాలంలో దానికి జ్వరం వచ్చింది. ఐదు రోజులు పట్నం దవాఖానలో ఉంది. ఆరో రోజు పొద్దున ఇంటికి తెచ్చారు. అప్పటికి దానికి ఇరవై ఏళ్ళు.

ఊరంతా వచ్చింది. సంతోషి కోసమే కాదు, నిజం చెప్పాలంటే దుర్గవ్వ ఎట్లా ఏడుస్తుందో అని కూడా వచ్చారు. పరాయి వాళ్ళకే అంత ఏడ్చిన మనిషి, సొంత బిడ్డకు ఎంత ఏడవాలి? పెద్దమ్మ ఏడవలేదు. కూతురి కార్డుకున్న నీలం పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. పక్కింటి పోచమ్మ తనే రాగం ఎత్తుకుని ఆమె ఏడుపును బయటికి లాగాలని చూసింది. రాలేదు. ఎత్తుకుపోయేటప్పుడు కూడా రాలేదు. ఆ తర్వాత ఆమె ఎవరి చావుకూ పోలేదు. పిలిచేవాళ్ళు కూడా మానుకున్నారు. ఏమి తల్లి అని వెనకాల అన్నవాళ్ళున్నారు, వాళ్ళ నోళ్ళు పడిపోను.

పోచమ్మ ఒక్కతే నాతో అన్నది: "ఏడ్పు లోపట్నే ఉండిపోయింది శేఖరూ. ఎన్నడో ఒకనాడు వస్తది. వచ్చిననాడు పక్కకు మనిషి ఉండాలె, చూస్కో."

అప్పటికి నేను కాటేదాన్‌లో ఒక చిన్న కంపెనీలో ఉన్నాను. కింద ఇనుప సామాన్లు చేసే వర్క్‌షాపు, పైన మేము. ఫోన్లలో ఆడే ఆటలు తయారుచేసేవాళ్ళం, వాటికి సంగీతం నాది. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించిన వాణ్ణి, సంగీతం చదువుకోలేదు. విదేశీ సినిమాల పాటల్లేని సంగీతం సీడీలు అరిగేదాకా విని, ఒక్కొక్క వాయిద్యాన్ని వేరు చేసుకుంటూ నేర్చుకున్నాను. యుద్ధం వచ్చినప్పుడల్లా నలభై మంది తెల్లవాళ్ళు కలిసి "ఆ" అంటారే, ఆ అరుపు కూడా నా కంప్యూటర్‌లో ఉండేది. ఒక్క మీట నొక్కితే అరిచేవాళ్ళు. దేశంలో సగం మంది అదే మీట నొక్కుతున్నారని నాకు తర్వాత తెలిసింది.

మా యజమాని హరిప్రసాద్ గారిది విజయవాడ. మంచి మనిషే, చెవి కూడా మంచిదే. ఒకసారి నేను చేసిన విషాదపు ముక్క విని, "వయొలిన్లు పైనుంచి కిందికి ఇలా జారడం ఎక్కడ నేర్చుకున్నారు శేఖర్ గారూ?" అని అడిగారు. నేనొక విదేశీ స్వరకర్త పేరు చెప్పాను. అబద్ధం. ఆ జారుడు పెద్దమ్మది. "బిడ్డో" అని పైన ఎత్తుకుని, ఊపిరి అయిపోయేదాకా కిందికి దిగుతుంది చూడండి, అది. నేను పుట్టినప్పటి నుంచి విన్నది అదే, ఎన్ని సీడీలు విన్నా నా వేళ్ళకు వచ్చేది అదే.

2012లో ఒక కోటను కాపాడే రాణి ఆట చేస్తున్నాం. ఆడేవాళ్ళు ఓడిపోతే రాణి చనిపోతుంది. అక్కడికి సంగీతం కావాలి. నేను పెట్టిన తెల్లవాళ్ళ "ఆ" విని హరిప్రసాద్ గారు తల అడ్డంగా ఊపారు. "ఇది అందరి దగ్గరా ఉన్నదే కదండీ. మన మట్టిది ఏదైనా కావాలి" అన్నారు. నా నోట్లోంచి పెద్దమ్మ పేరు వచ్చేసింది.

మర్నాడు మధ్యాహ్నం రోడ్డు మీదే ఆమెను పట్టుకున్నాను. మొక్కల మధ్య పైపు పట్టుకుని నిలబడి ఉంది.

"సచ్చినోళ్ళెవలు?" అన్నది.

"ఎవ్వలు లేరు పెద్దమ్మా. ఆటల రాణి సస్తది. బొమ్మ."

"బొమ్మకేడ్సుడేంది? బొమ్మకు తల్లుంటదా, తండ్రుంటడా?" అని చాలా రోజుల తర్వాత నవ్వింది. "ఉత్తగ ఏడ్పు వస్తదా పిచ్చోడా?"

"ఉత్తగ రాగం తియ్యి చాలు. ఐదు నిమిషాలు. నా పనికి గావాలె."

"నీకు గావాలెనంటే వస్త తియ్యి" అన్నది. నేను అడిగితే కాదనడం ఆమెకు రాదు.

ఇక్కడ నేను అబద్ధం చెప్పను. ఆమె లోపల ఏముందో నాకు తెలుసు. మైకు ముందు కూర్చుంటే అది వస్తుందేమో అనుకున్నాను. వస్తే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె బరువు దిగుతుందని నాకు నేను చెప్పుకున్నాను గానీ, నేను ఆశపడింది నా ట్రాక్ కోసం.

మాకు కరెంటు కోత రోజే రికార్డింగు. ఫ్యాక్టరీలకు వారంలో కొన్ని రోజులు కరెంటు తీసేసేవారు, ఆ రోజుల్లో కాటేదాన్ మొత్తం నిశ్శబ్దంగా ఉండేది. మేము ఇన్వర్టర్ మీద పని చేసుకునేవాళ్ళం. మిగిలిన చప్పుడు ఒక్కటే, విమానాలది. రెండు విమానాల మధ్య దొరికే ఖాళీలోనే మేము రికార్డు చేసుకోవాలి. పెద్దమ్మను, చప్పుడు రాకుండా గోడలకు పరుపులు కొట్టిన చిన్న గదిలో చాప మీద కూర్చోబెట్టి, తలుపు వేసి, నేనూ హరిప్రసాద్ గారూ పక్క గదిలో అద్దపు కిటికీ దగ్గర కూర్చున్నాం.

మొదట ఏదో తీసింది. రాణీ, కోటా అన్నది. పలచగా ఉంది, బడిపిల్లల పద్యంలా ఉంది. హరిప్రసాద్ గారు నా వైపు చూసి పెదవి విరిచారు. అంతలో పైనుంచి ఒక విమానం బాగా కిందుగా పోయింది. పెద్దమ్మ మాట ఆపి తల పైకెత్తింది. చప్పుడు పూర్తిగా పోయేదాకా అట్లాగే చూసింది. తర్వాత కళ్ళు మూసుకుంది.

"బిడ్డో... నా సంతోషి బిడ్డో... బువ్వ గిన్నె సర్దిపెడ్తి, మర్సిపోతివా బిడ్డో... ఏడు గంటల బస్సొచ్చె, ఎక్కకపోతివి బిడ్డో... కిటికి కాడ సీటు ఉత్తగున్నది, నేనెవలకు చెయ్యూపుదు బిడ్డో..."

రెండేళ్ళ ఏడుపు అది. నా చెవుల మీద ఉన్న హెడ్‌ఫోన్లు తీసేయాలనిపించింది, తీయలేదు. ఆమె ముందుకీ వెనక్కీ ఊగుతోంది. కొంతసేపటికి కుడి చెయ్యి పక్కకు చాచింది. చాప మీద, గాలిలో వెతుకుతోంది. పక్కకు వచ్చి మెడ మీద చెయ్యి వేసే మనిషి కోసం. నాకు అర్థమైంది. లేచి నిలబడ్డాను.

హరిప్రసాద్ గారు నా మణికట్టు పట్టుకున్నారు. "ఒక్క నిమిషం శేఖర్ గారూ, అద్భుతంగా వస్తోంది. ఇప్పుడు తలుపు తీస్తే పాడైపోతుంది" అని గుసగుసగా అన్నారు. ఆయన కళ్ళలో కూడా నీళ్ళున్నాయి. ఆయనకు మా పద్ధతి తెలియదు. నాకు తెలుసు. నేను కూర్చున్నాను.

పద్నాలుగు నిమిషాలు. ఆ చెయ్యి అట్లా వెతుకుతూనే ఉంది. మరో విమానం వచ్చి దాని చప్పుడు ఆమె గొంతును మింగేసింది. అది పోయాక చూస్తే ఆమెకు గొంతు లేదు, నోరు మాత్రం కదులుతోంది. నేను నీళ్ళు తీసుకుని లోపలికి వెళ్ళేసరికి కొంగుతో మొహం తుడుచుకుంది.

"అయ్యిందా?" అన్నది బొంగురుగా.

"అయ్యింది పెద్దమ్మా."

"ఎవ్వలు రాలే బిడ్డా" అన్నది. నిష్ఠూరంగా కూడా అనలేదు. అప్పుడైనా ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసి ఉండాల్సింది. ఏడుపు ఆగిపోయింది కదా, ఇప్పుడెందుకు అనుకున్నాను. గ్లాసు చేతికిచ్చాను.

ఆ పద్నాలుగు నిమిషాల్లోంచి పదకొండు సెకన్లు తీశాను. సంతోషి పేరు కోసేశాను. బువ్వ గిన్నె, బస్సు, కిటికీ కోసేశాను. "బిడ్డో" అన్న జారుడు మాత్రం ఉంచి, కింద వయొలిన్లు పరిచాను. ఆడేవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టేదాకా సంగీతం ఆగకుండా తిరగాలి కాబట్టి చివరను మొదటితో కలిపి కుట్టాను. మధ్యలో ఆమె ఊపిరి పీల్చిన చప్పుడు అడ్డం వచ్చింది. అది కూడా తీసేశాను. అతుకు ఎక్కడుందో నాకే దొరకనంత బాగా వచ్చింది. చాలా గర్వపడ్డాను.

ఆట బాగా పోయింది. 2013లో ఒక పత్రిక నుంచి ఒకాయన వచ్చి, ఆ ఏడుపు ముక్కను మెచ్చుకుని, మీ మీద ఎవరి ప్రభావం ఉందని అడిగాడు. హరిప్రసాద్ గారు నేను చెబుతానని నా వైపే చూశారు. నేను ఇద్దరు విదేశీయుల పేర్లు చెప్పాను. పెద్దమ్మ పేరు చెబితే, ఎవరు పోయినప్పటి ఏడుపు అని అడుగుతాడు కదా. ఆ భయంతో చెప్పలేదు. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడే స్వర్ణలతతో నాకు పెళ్ళయింది, ఆమెకు కూడా చెప్పలేదు. మొగుడు చేసిన ఆట అని ఆమె మురిపెంగా ఫోన్‌లో పెట్టుకుని ఆడుకునేది.

పోయిన నెల, 2014 ఎండాకాలం, ఒక ఆదివారం పొద్దున పెద్దమ్మ మా ఇంటికి చింతచిగురు తెచ్చింది. మనిషి సగమైపోయింది. గొంతు ఆనాడు పోయింది పోయినట్టే, మళ్ళీ సరిగా రాలేదు. స్వర్ణలత పొయ్యి మీద పప్పు పెట్టి గడపలో కూర్చుని ఆడుతోంది. నేను లోపల గడ్డం గీసుకుంటున్నాను. రాణి చనిపోయింది. వయొలిన్లు మొదలయ్యాయి.

బయట పెద్దమ్మ చిగురు ఏరుతున్న చప్పుడు ఆగిపోయింది.

"ఎవలమ్మా ఏడ్సేది?" అన్నది.

"ఈ ఫోన్ ఆటల, అత్తమ్మా! రాణి సచ్చింది" అని స్వర్ణలత నవ్వింది. "మల్ల లేస్తది. ఎన్నిసార్లు సచ్చినా లేస్తది."

"మల్ల లేస్తదా?" అన్నది పెద్దమ్మ. "జర ఇటియ్యి బిడ్డా."

నేను సబ్బు మొహంతోనే బయటికి వచ్చాను. పెద్దమ్మ ఫోన్‌ను రెండు చేతుల్లో పట్టుకుని చెవి దగ్గర పెట్టుకుంది. పదకొండు సెకన్లు అయ్యాయి. మళ్ళీ మొదలయ్యాయి. తన గొంతు తనకు తెలియకుండా ఉంటుందా? ఫోన్‌ను ఒళ్ళో పెట్టుకుని, దాని మీద అరచెయ్యి వేసింది.

"ఊకో అక్కా, ఊకో" అన్నది.

"బిడ్డో" అన్నది ఫోన్.

"ఊకో. ఊకో తల్లీ." మూడోసారి కూడా అన్నది. మూడోసారికి గొంతు దిగాలి. దిగలేదు. ఊపిరి కూడా తీసుకోకుండా ఫోన్‌లోని గొంతు మళ్ళీ ఎత్తుకుంది. పెద్దమ్మ తలెత్తి నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బతికిపోయేవాణ్ణి. "ఊకుంటలేదేంది శేఖరూ?" అన్నది.

పక్కన కూలబడి, రెండేళ్ళ కింద వేయాల్సిన చెయ్యి ఇప్పుడు ఆమె మెడ చుట్టూ వేశాను. "ఊకో పెద్దమ్మా, ఊకో" అన్నాను. ఏడుస్తున్నది నేను, ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"నన్ను గాదు బిడ్డా" అన్నది ఆమె మెల్లగా, ఫోన్ నా చేతిలో పెడుతూ. "దాన్ని ఊకోపెట్టు."