మా విమానం ఇంజను

మా తాతగారి విదేశీ కారులో ఉన్నది విమానం ఇంజనని కొత్తపేట చుట్టుపక్కల తెలియనివారు లేరు. తెలియకపోతే మేమే చెప్పేవాళ్ళం. రుజువు కూడా ఉంది. అందరి కార్లకీ రేడియేటరు ఉంటుంది, ఆపి ఆపి నీళ్ళు పోయాలి. మా కారు ఏనాడూ చుక్క నీరు తాగలేదు, గాలికే చల్లబడేది. ఇన్ని కాలవలున్న సీమలో నీళ్ళు అడగని యంత్రం మా ఇంట్లోనే ఉండేది.

తరవాత పొలాలు పోయేయి. కారు తుప్పుపట్టి ముక్కలైంది. ఇంజనుని మాత్రం చక్రాల బల్ల మీద పెట్టించి, సావిట్లో ఉంచి, తాతగారి జరీ శాలువా కప్పేం. దసరాకి దానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ఎంత చలేసినా ఆ శాలువా నేను కప్పుకోలేదు.

ఎదురింటి మాస్టారు కాలేజీలో ఫిజిక్సు చెబుతారు. వారి తాతగారు మా ఇంట్లో పాలేరు. ఇప్పుడు సాయంత్రమైతే వారి మేడ నీడ మా సావిట్లో పడుతుంది. ఇంజను సంగతి నేను ఎత్తినప్పుడల్లా ఆయన మర్యాదగా "ఆయ్" అని ఊరుకునేవారు. ఆ ఆయ్ మీద నాకు ఎప్పటినుంచో అనుమానం.

మొన్న వేసవిలో ఆయనే ఒక ఇంజనీరుని వెంటబెట్టుకొచ్చేరు. అతను సరదాకి ఇద్దరు కూర్చునే చిన్న విమానం కట్టుకుంటున్నాడట, ఇలాంటి పాత ఇంజను కోసం వెతుకుతున్నాడట. నేను శాలువా తీసేను. మా ఇంటి మాట నిజమో కాదో ఆవేళ తేలిపోవాలి, అదీ మాస్టారి ఎదుట.

ఇంజనీరు వంగి చూసేడు. "అదేనండీ! రెండు సిలిండర్లు ఇటు, రెండు అటు. ఇలాంటివి చిన్న విమానాల్లో ఎన్నో ఎగిరేయండి."

"విన్నారా?" అన్నాను మాస్టారితో.

"ఆయ్."

"కాకపోతే దీన్ని కారు కోసమే తయారుచేసేరండి," అన్నాడు ఇంజనీరు. "తేలిక, నీళ్ళ గొడవ లేదు అని తరవాత విమానాలు కట్టేవాళ్ళు వాడుకున్నారు. కారులోంచి విమానంలోకి వెళ్ళింది గానీ, అందులోంచి ఇందులోకి రాలేదండి."

నేను చేతిలోని శాలువా మడతపెట్టడం మొదలెట్టేను.

"మా తాత చెప్పేవారండి," అన్నారు మాస్టారు మెల్లిగా. "పొద్దున్నే కారు స్టార్టయ్యేది కాదట. కాలవగట్టు దాకా తనే తోసేవారట. విమానమైతే ఇంత బరువుంటుందేంట్రా అనుకునేవారట."

"మరి ఇన్నేళ్ళూ అనలేదేం?"

"శాలువా కప్పేరు కదండీ. ఇంకేమంటాం?"

ఇంజనీరు వెల అడిగేడు.

"మేం అమ్మం," అన్నాను.

అతని మొహం వాడిపోయింది. నేను ఆలోచించేను. సావిట్లో ఉన్నంతకాలం ఇది కారు ఇంజనే. ఇతనితో వెళితే, ఆలస్యంగానైనా, మా తాతగారి మాట నిజమౌతుంది.

"ఊరికే ఇస్తాం. తీసుకెళ్ళండి."

బల్ల చక్రాలు మట్టినేలలో దిగబడి ఉన్నాయి. ఇంజనీరు ముందునుంచి లాగుతున్నాడు. మాస్టారు వెనక చేరి తోస్తున్నారు. ఆయనొక్కరే తోస్తుంటే చూడలేక నేనూ వెళ్ళి చెయ్యి వేసేను. మా వంశంలో ఆ ఇంజనుని తొయ్యడానికి వెనక నిలబడినవాణ్ణి నేనే మొదట. బల్ల కదల్లేదు.

"అలా నిటారుగా నిలబడితే కాదండీ," అన్నారు మాస్టారు. "నడుం వంచాలి."

వంచేను. ఇంజను గడప దాటింది.