గురువారం షుగరు

2021 చివర్లో, కరోనా రెండో అల తగ్గాక, నంద్యాల పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా ఉన్న నన్ను ఆళ్లగడ్డలో ప్రతి గురువారం జరిగే షుగరు క్లినిక్‌కు డిప్యుటేషన్ మీద వేశారు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషికి బస్సు కుదుపులు అదనపు సన్మానం. డాక్టరు గారు మందు రాసేలోపు బరువు, బీపీ, పరగడుపు షుగరు చూడడం నా పని. వేలి కొసను స్పిరిటుతో తుడిచి, ఆరనిచ్చి గుచ్చాలి. తడి ఆరకముందే గుచ్చితే అంకె తప్పుగా వస్తుంది.

అక్కడికి మద్దిలేటిరెడ్డి అనే రైతు వచ్చేవాడు. కాలవ కింద వరి పండించే మనిషి. రెండో అలలో మా నంద్యాల వార్డులోనే ఆక్సిజన్ మీద ఉండి బయటపడ్డాడు. అప్పుడు వాడిన స్టిరాయిడ్లతో పాత షుగరు ఇంకా పెరిగింది. షుగరు అదుపు తప్పితే రోగాన్ని ఎదిరించే శక్తి తగ్గుతుంది. ఒకసారి వచ్చిన వైరస్ మళ్ళీ సోకే ప్రమాదం, సోకితే ముదిరే ప్రమాదం రెండూ పెరుగుతాయి. ఈ మాట చెప్పినప్పుడల్లా ఆయన చెయ్యి ఊపేసేవాడు.

“అమ్మవారు పోసినోనికి మళ్లా పోస్తాదా సిస్టరమ్మా? ఇదీ అంతే.”

మాట ఎలా ఉన్నా, ఆయన షుగరు ప్రతి గురువారం నూరుకు అటూఇటుగానే ఉండేది. నేను అందరి ముందూ మెచ్చుకునేదాన్ని. “రెడ్డిని చూసి నేర్చుకోండప్పా” అని మిగతావాళ్ళను దెప్పేదాన్ని కూడా. ఆయన మీసం సర్దుకుని కూర్చునేవాడు.

మూడో అలలో, ఒక సోమవారం, ఆయన్ని ఆయాసంతో మళ్ళీ మా వార్డుకే తెచ్చారు. కరోనా మళ్ళీ సోకింది. షుగరు నాలుగు వందలు దాటింది. మీటరు చెడిందనుకుని మరో దానితో చూశాను. అదే అంకె. ఇంట్లో మాత్రలు వేసుకుంటున్నాడో లేదో కనుక్కోమని డ్యూటీ డాక్టరు నన్ను పంపారు. వార్డు తలుపు దగ్గర ఆయన భార్య ఓబులమ్మ నిలబడి ఉంది.

“ఇంగ దాచేదేముంది సిస్టరమ్మా! మంగళారం, బుధారం కొర్రన్నం, మజ్జిగ తింటాడు. మాత్రా మింగుతాడు. గురువారం నీకాడ పరీక్ష అయిపోతానే హోటల్లో పూరీ తిని ఇంటికొస్తాడు. మళ్లా మంగళారం దాకా మాత్ర ముట్టడు. ఏందయ్యా ఇది అంటే, సిస్టరమ్మ పదిమందిలో మెచ్చుకుంటాంది, ఆమె మాట పోగొట్టకూడదంటాడు.”

నాకు కోపమూ నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పరగడుపు పరీక్ష ఆ ఒకటి రెండు రోజుల సంగతే చెబుతుంది. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష వేరే ఉంది. దానికి నమూనా నంద్యాలకు పంపాలి. ఇంత మంచి అంకె ఉన్న మనిషికి ఆ పరీక్ష ఎందుకని ఎవరికీ తోచలేదు.

గంట గంటకూ షుగరు చూస్తూ ఇన్సులిన్ ఎక్కించాం. గుచ్చడానికి వేళ్ళు చాలలేదు. మధ్యలో ఆయన నా చెయ్యి పట్టుకుని, “ఈతూరి పోతాండానేమో సిస్టరమ్మా” అన్నాడు. పోనివ్వనని గట్టిగానే చెప్పాను. లోపల భయంగానే ఉంది. చివరికి షుగరు దిగింది. ఆయాసం కూడా మెల్లగా తగ్గింది.

ఆ తర్వాత క్లినిక్‌లో మెచ్చుకోవడం, దెప్పడం రెండూ మానేశాను. వీలైనవాళ్ళ రక్తం మూడు నెలల పరీక్షకు పంపించాను.

కొన్నాళ్ళకు ఒక శనివారం రెడ్డి నంద్యాల మార్కెట్టుకు వచ్చి, ఎవరూ పిలవకుండానే ఆసుపత్రిలో నా దగ్గరికి వచ్చి వేలు చాపాడు.

“నిన్న పెండ్లి భోజనం తిన్యా. బూరెలు గూడా. చూడు, ఎంతుంటే అంత.”

రెండు వందల పైన ఉంది. నా పక్కనున్న నర్సు అయ్యో అంది. ఆ గురువారాల మంచి అంకెల్లో ఒక్కటి కూడా నాకు అంత సంతోషాన్నివ్వలేదు. ఎక్కువున్న షుగరుకు డాక్టరు మోతాదు మార్చగలరు. నన్ను సంతోషపెట్టడానికి తెచ్చిన షుగరుకు ఎవరూ మందు రాయలేరు. ఆ రోజు డాక్టరు గారు రెడ్డి మోతాదు మార్చారు.